గేర్ రాడ్ ఊగుతుందన్న అల్లుడికి

అల్లుడా,

నిన్న ఫోన్ల నువ్వు చెప్పింది సగమే ఇనబడ్డది, ఎనక లారీల మోత. సెకండ్ నుంచి థర్డ్‌కు ఎత్తుతుంటే నడుమ న్యూట్రల్ పడుతుందన్నవు, గేర్ రాడ్ కాలికింద ఊగులాడుతుందన్నవు. శనివారం బయలెల్లి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగ బొగత జలపాతం దాక పోతనంటివి. పో, నేను వద్దన. కానీ ఆ గేర్ రాడ్ అట్ల పెట్టుకొని మాత్రం పోకు. హన్మకొండ దాటి ములుగు దాక ఎవరో ఒక మెకానిక్ దొరుకుతడు. అడవిల ఎవరిని పిలుస్తవు?

మా కాలం బండ్లకు ఈ తిప్పలు తక్కువ. యెజ్డీకి స్టార్ట్ కొట్టినంక అదే కిక్ రాడ్‌ను మలిపితే గేర్ రాడ్ అయ్యేది. నేరుగ ఇంజన్ నుంచి బయటికొచ్చే గేర్ షాఫ్ట్ మీదనే ఉండేది, నడుమ ఏమీ లేదు. నీ టూరింగ్ బండికి కాలు పెట్టే చోటు షాఫ్ట్‌కు దూరంగ ఉన్నది, అందుకని నడుమ లింక్ రాడ్ పెట్టిండ్రు. కాలితోటి ఎత్తే పెడల్, అదే నువ్వనే గేర్ రాడ్, ఒక బోల్టు మీద తిరుగుతది. దాని నుంచి సన్నటి రాడ్, రాడ్‌కు రెండు దిక్కుల గుండు జాయింట్లు. అవతల చిన్న ఆర్మ్, అది ఇంజన్ నుంచి బయటికొచ్చిన షాఫ్ట్ పళ్ల మీద కూసుంటది. వీటిల ఏది లూజైనా కాలికి ఒక్కతీరుగనే తెలుస్తది. అందుకే ముందుగాల పాన పట్టకు, ఆట, అంటే లూజు, ఎక్కడున్నదో పట్టు.

బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టు, ఇంజన్ బంద్ చెయ్యి. ఎడమ చేతి వేళ్లు షాఫ్ట్ మీద, ఆర్మ్ మీద రెండిటి మీదా పడేటట్టు పెట్టి, కుడిచేత్తో పెడల్‌ను మెల్లగ కిందికీ మీదికీ ఆడియ్యి. ఆర్మ్ కదిలి షాఫ్ట్ కదలకపోతే రోగం అక్కడే. ఆర్మ్ కూడా కదలకుంట పెడల్ ఒక్కటే ఆడితే గుండు జాయింట్లనో పెడల్ బోల్టునో చూడు. పెడల్ పక్కకు ఊగుతుందంటే దాని బుష్, అంటే బోల్టు చుట్టూ ఉండే గొట్టం, అరిగినట్టు. మట్టి పట్టి ఉంటే ఏమీ కనబడదు, ముందు కిరోసిన్ గుడ్డతోటి తుడువు.

నా చేతికి వచ్చిన బండ్లల్ల ఎక్కువసార్లు దొరికింది ఆర్మ్ బిగించే బోల్టే. ఆర్మ్‌కు ఒక చీలిక ఉంటది, బోల్టు దాన్ని దగ్గరికి గుంజి షాఫ్ట్‌ను పట్టుకుంటది. అది కొంచెం లూజైనా పళ్లు ఒకదాన్నొకటి కొరుకుతయి, వంద కిలోమీటర్లకే ఆట పెరుగుతది. ఇప్పేముందు షాఫ్ట్ మీద, ఆర్మ్ మీద ఒకే గీతల నెయిల్ పాలిష్ చుక్క పెట్టు. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా పెడల్ ఎత్తు మారుతది. ఇంకొకటి, బోల్టును లూజ్ చేసి ఆర్మ్‌ను గుంజితే రాదు. చాలా బండ్లల్ల ఆ బోల్టు షాఫ్ట్ మీది గాడిల నుంచి పోతది, బోల్టును మొత్తం బయటికి తియ్యాలె. ఇది తెలువక సుత్తె పట్టినోళ్లను చాలామందిని చూసిన.

తీసినంక పళ్లు చూడు. ఆర్మ్ పళ్లు అరిగి షాఫ్ట్ పళ్లు మంచిగుంటే కొత్త ఆర్మ్ కొనుక్కో, పని అయిపోతది. పళ్లు బాగనే ఉన్నా బోల్టు ఎంత బిగించినా ఆర్మ్ పట్టకపోతే చీలిక రెండంచులు ఒకదానికొకటి తగిలినయేమో చూడు. తగిలితే ఇంక బిగుసుకునే జాగ ఉండదు. ఆకురాయితోటి సన్నగ రాకి చీలికను జర ఎడం చేస్తే కొన్నాళ్లు నడుస్తది. అంతేగానీ బలం పెట్టకు. అది ఆరు మిల్లీమీటర్ల బోల్టైతే పది న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల సాలు, సరిగ్గ ఎంతో నీ బండి మాన్యువల్ల ఉంటది. టార్క్ పాన లేకపోతే చిన్న పానను తలకాయ దగ్గర పట్టుకొని బిగియ్యి. థ్రెడ్లను పొడిగ తుడిచి నీలం రంగు లాక్‌టైట్, అదే బోల్టు ఊడకుంట పట్టే జిగురు, ఒక్క చుక్క వెయ్యి. ఎర్రది వద్దు, దాన్ని తియ్యాలంటే వేడి చెయ్యాలె.

వెల్డింగ్ మాట ఎవడన్నా ఎత్తితే బండి తీసుకొని వచ్చెయ్యి. కొత్తగ షాపు పెట్టినప్పుడు నేనే ఒకరి ఆర్మ్‌ను షాఫ్ట్‌కు అతికిచ్చిన. ఆట పోయింది, ఆయన మురిసి పోయిండు. వారం తిరగకుంట షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారుతుందని వచ్చిండు. వేడికి ఆయిల్‌ను ఆపే రబ్బరు సీల్ కాలింది. సీల్ మార్చాలంటే ఆర్మ్ రావాలె, ఆర్మ్ రాదాయె. కోసి తీసి, షాఫ్ట్ ఖర్చు నేనే పెట్టుకున్న. ఆ నెల ఇంట్ల మీ అత్త మొహం చూడలేకపోయిన.

ఇగ లింక్ రాడ్. దానికి ఒక చివర థ్రెడ్లు మామూలు, రెండో చివర ఉల్టా. ఉల్టా దిక్కు లాక్ నట్‌ను మామూలుగ తిప్పితే ఇప్పినట్టనిపిస్తది గానీ బిగుస్తది. లాక్ నట్లు ఇప్పేముందు జాయింటు నుంచి జాయింటుకు స్కేలుతోటి కొలిచి రాసుకో. నడుమ రాడ్‌ను తిప్పితే పెడల్ లేస్తది, దిగుతది. నువ్వు వేసుకునే బూటు పెడల్ కింద సులువుగ దూరాలె, ఎత్తేటప్పుడు మడిమ లేవొద్దు. రెండు చివర్ల థ్రెడ్లు సమానంగ లోపలుండాలె, ఒక దిక్కు రెండు మూడు థ్రెడ్ల మీద ఏలాడితే ఎప్పుడో ఊడుతది. లాక్ నట్లు బిగించినంక రాడ్‌ను వేళ్లతోటి దొర్లియ్యి, రెండు దిక్కులా కొంచెం కదలాలె. కదలకపోతే జాయింట్లు మెలిపడి బిగుసుకున్నట్టు, మళ్ల ఇప్పు. జాయింటే గుండు దగ్గర లొడలొడమంటే దానికి వైద్యం లేదు, కొత్తది వెయ్యి.

పెడల్ బోల్టు తీసి, తుడిచి, గ్రీస్ పెట్టు.

ఇన్ని చేసినా న్యూట్రల్ పడుతుంటే లోపం లింకేజీల లేదు. కేబుల్ గుంజితే క్లచ్ సరిగ వదులుతుందా, చైన్ మరీ బిగుతుగ ఉందా చూడు. అదీ కాకపోతే గేర్‌బాక్స్ లోపలి సంగతి, ఊరు దాటకు.

సీటు కింద ఒక పది నంబరు పాన, అలెన్ కీలు, ఆర్మ్ బోల్టు ఒకటి స్పేర్‌గ, వైస్ గ్రిప్ (గట్టిగ పట్టి లాకయ్యే పట్టుకారు), కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క పెట్టుకో. దారిల పళ్లు జారితే ఆ రేకును షాఫ్ట్‌కు చుట్టి ఆర్మ్ బిగిస్తే ఇంటి దాక పట్టుకుంటది. అదీ పట్టకపోతే బండి ఆపి, వైస్ గ్రిప్‌తోటి షాఫ్ట్ తిప్పి సెకండ్ల వెయ్యి, అదే గేర్ల మెల్లగ రా. పళ్లు కొంచెం చెడతయి, చెడనియ్యి.

శుక్రవారం రాత్రికే ఇటు వచ్చెయ్యి, పొద్దున వెలుతురుల ఇద్దరం చూద్దాం. పాత ఆర్మ్ మార్చితే పారెయ్యకు, తెచ్చి చూపియ్యి. మీ అత్త సకినాలు చేస్తనన్నది, బ్యాగుల జాగ ఉంచుకో.

మామ