రైలు మార్గాలు – దేశ ప్రగతి

ప్రశ్న: రహదారులు ఇంతగా విస్తరించిన తరువాత కూడా దేశాభివృద్ధికి రైలు మార్గాలు అవసరమా?

జవాబు: నిస్సందేహంగా అవసరమే. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రం దొర్లేటప్పుడు ఘర్షణ చాలా తక్కువ కనుక, బొగ్గు, ఇనుప ఖనిజం, ధాన్యం వంటి బరువైన సరుకులను లారీలకంటే ఎంతో తక్కువ ఇంధనంతో రైలు దూరప్రాంతాలకు చేరవేస్తుంది. 1830లో ఇంగ్లండులో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం మొదలయ్యాక, లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి కొద్ది గంటల్లోనే మాంచెస్టర్ మిల్లులకు చేరే వీలు కలిగింది. 1869లో పట్టాలు అమెరికా తూర్పు పడమరలను కలిపాక, నెలల తరబడి సాగే ప్రయాణం సుమారు వారానికి తగ్గింది; ఊరికొక వేళ పాటించిన ఆ దేశంలో 1883లో ప్రామాణిక కాలమండలాలను, అంటే ఒక్కో పెద్ద ప్రాంతమంతటా ఒకే వేళ పాటించే పద్ధతిని, అమలులోకి తెచ్చినవి కూడా రైలు కంపెనీలే. అయితే పట్టాలు వేసినంత మాత్రాన అందరికీ మేలు జరగదని నా అభిప్రాయం. వలస పాలనలో ఆఫ్రికాలో వేసిన అనేక మార్గాలు గనుల నుంచి నేరుగా రేవులకు సాగాయే తప్ప లోపలి పట్టణాలను కలపలేదు. పొరుగు దేశాల మధ్య వర్తకానికి ఆ లోటు నేటికీ అడ్డుగానే ఉన్నది.