నాలుగున్నర చుట్లు: యుజురు హన్యూ గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: జపాన్ ఫిగర్ స్కేటర్ యుజురు హన్యూ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మంచు మీద పడిపోయి, నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. అంతకుముందు రెండు స్వర్ణాలు గెలిచిన ఆయన గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఆ పడిపోయిన జంప్‌నే ముందుగా తలుచుకుంటారు. ఓడిన రోజుకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

జవాబు: ఆ జంప్ పేరు క్వాడ్ యాక్సెల్, అంటే నాలుగు చుట్ల యాక్సెల్. అది ఎలాంటిదో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఫిగర్ స్కేటింగ్‌లోని ఆరు ప్రధానమైన జంప్‌లలో అయిదింటికి స్కేటర్ వెనక్కి జారుతూ గాలిలోకి లేస్తాడు. యాక్సెల్‌కు మాత్రం ముందుకు జారుతూ లేవాలి. దిగేటప్పుడు ఏ జంప్ అయినా వెనక్కి జారుతూనే దిగాలి కాబట్టి, యాక్సెల్‌లో ఎప్పుడూ ఒక అర చుట్టు అదనంగా తిరగవలసి వస్తుంది. ఆ లెక్కన క్వాడ్ యాక్సెల్ అంటే నిజానికి నాలుగు కాదు, నాలుగున్నర చుట్లు. ఒక్క సెకను కూడా నిండని వ్యవధిలో, చేతులను ఛాతీకి బిగించి, కాళ్లను ఒకదానిపై ఒకటి మెలివేసి అన్ని చుట్లూ పూర్తిచేసి, ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడిని ఒక్క కాలితో, సన్నని బ్లేడు అంచు మీద తట్టుకోవాలి. హన్యూ దిగేది కుడి కాలి మీద. పదే పదే గాయపడింది కూడా ఆ కాలి చీలమండ దగ్గరే.

పోటీలో రెండు భాగాలుంటాయి: ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, తరువాత పెద్దదైన ఫ్రీ స్కేట్; రెండిటి పాయింట్లనూ కలుపుతారు. బీజింగ్‌లో షార్ట్ ప్రోగ్రామ్ మొదటి జంప్‌లోనే ఆయన బ్లేడు మంచులోని గుంతలో పడింది. నాలుగు చుట్లు తిరగవలసినచోట ఒక్కటే తిరగడంతో ఆ జంప్‌కు ఒక్క పాయింటు కూడా రాలేదు, ఆయన ఎనిమిదో స్థానానికి పడిపోయారు. రెండు రోజుల తరువాత ఫ్రీ స్కేట్‌ను ఆయన క్వాడ్ యాక్సెల్‌తోనే ప్రారంభించారు. చుట్లు కాస్త తక్కువయ్యాయి, దిగుతూనే పడిపోయారు. అయినా అంతర్జాతీయ పోటీ స్కోరు పత్రంలో క్వాడ్ యాక్సెల్‌గా నమోదైన మొట్టమొదటి ప్రయత్నం అదే. చివరికి ఆయనకు 283.21 పాయింట్లు రాగా, కాంస్యం గెలిచిన షోమా ఉనోకు 293.00 వచ్చాయి. ఆ జంప్ వదిలేసి తేలికైనదాన్ని ఎంచుకుని ఉంటే పతకానికి ఇంకా దగ్గరయ్యేవారని నాకు అనిపిస్తుంది. అది ఆయనకు తెలియని సంగతి కాదు, అందుకే ఆ పతనాన్ని ఓటమిగా లెక్కించడానికి నాకు మనసొప్పదు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో అమెరికా కుర్రవాడు ఇలియా మాలినిన్ పోటీలో ఆ జంప్‌ను తొలిసారిగా విజయవంతంగా పూర్తిచేశాడు.

ప్రశ్న: చిన్నప్పుడు ఆయనకు ఉబ్బసం ఉండేదనీ, భూకంపం వల్ల సాధన చేసే చోటు కూడా లేకుండా పోయిందనీ విన్నాను. అది నిజమేనా?

జవాబు: రెండూ నిజమే. 1994 డిసెంబరు 7న సెండాయ్‌లో పుట్టిన హన్యూకు రెండేళ్ల వయసు నుంచే ఉబ్బసం. నాలుగేళ్లప్పుడు అక్క వెంట రింక్‌కు (స్కేటింగ్ చేసే మంచు మైదానానికి) వెళ్లి స్కేటింగ్ మొదలుపెట్టారు.

2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు పదహారేళ్ల హన్యూ సొంత ఊరి రింక్‌లో సాధన చేస్తున్నారు. కాళ్లకున్న స్కేట్లు విప్పే వ్యవధి కూడా లేక వాటితోనే బయటికి పరుగెత్తారు. బ్లేడు అంచు మొద్దుబారుతుందని కవచం తొడగకుండా గట్టి నేల మీద అడుగు కూడా వేయని స్కేటర్ అలా పరుగెత్తాడంటే ఆ క్షణం ఎంత భయంకరమైనదో ఊహించుకోవచ్చు. కుటుంబం కొన్ని రోజులు సహాయ శిబిరంలో గడిపింది, రింక్ నెలల తరబడి మూతపడింది. ఆ ఏడాది ఆయన ఊరూరా తిరుగుతూ సుమారు అరవై ఐస్ షోలలో పాల్గొన్నారు. ప్రదర్శన కోసం వెళ్లినచోట దొరికిన మంచే ఆయనకు సాధనకు ఆధారమైంది. ఏడాది తరువాత, 2012 మార్చిలో, ఫ్రాన్స్‌లోని నీస్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచారు. తరువాత ఆత్మకథ మీద వచ్చిన రాయల్టీని ఆ సెండాయ్ రింక్‌కే విరాళంగా ఇచ్చారు.

ప్రశ్న: ఆయన స్వర్ణాల వివరాలు, ఇప్పుడు ఏం చేస్తున్నారో కూడా తెలుపగలరు.

జవాబు: 2012లో టొరంటో వెళ్లి బ్రయాన్ ఓర్సర్ వద్ద శిక్షణ పొందిన హన్యూ, 2014 సోచి ఒలింపిక్స్ షార్ట్ ప్రోగ్రామ్‌లో 101.45 పాయింట్లు సాధించి, ఆ విభాగంలో వంద దాటిన తొలి స్కేటర్ అయ్యారు. ఫ్రీ స్కేట్‌లో రెండుసార్లు పడినా స్వర్ణం ఆయనకే దక్కింది. పురుషుల సింగిల్స్‌లో ఆసియాకు దక్కిన మొదటి ఒలింపిక్ స్వర్ణం అది. 2017 నవంబరులో కుడి చీలమండ దగ్గర స్నాయువు దెబ్బతిని పోటీలన్నిటికీ దూరమై, నేరుగా 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ మంచు మీదికి దిగి రెండో స్వర్ణం గెలిచారు. 1948, 1952లలో అమెరికా స్కేటర్ డిక్ బటన్ వరుసగా గెలిచాక, అరవై ఆరేళ్లకు మళ్లీ ఆ ఘనత సాధించింది ఆయనే. 2022 జులైలో పోటీలకు స్వస్తి చెప్పి వృత్తి స్కేటర్‌గా మారారు. 2023 ఫిబ్రవరిలో టోక్యో డోమ్ అనే బేస్‌బాల్ స్టేడియంలో మంచు వేయించి, తానొక్కడే ఒక పూర్తి ప్రదర్శన ఇచ్చారు.