కొవ్వు మీద రీసెర్చ్ చేస్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయి కర్నూలులో బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. ఊబకాయం ఉన్నవాళ్ల కొవ్వులో రోగనిరోధక కణాలు ఏం చేస్తాయో పరిశోధిస్తానంటోంది. నేను బీఈడీ చెయ్యమంటున్నా. అసలు కొవ్వుకూ రోగనిరోధక శక్తికీ సంబంధమేంటి సార్? ఉద్యోగం వస్తుందా?

జవాబు: చాలా దగ్గరి సంబంధం ఉందండీ. మన కొవ్వులో మాక్రోఫేజులు, టీ కణాలు అనే రోగనిరోధక కణాలు ఎప్పుడూ ఉంటాయి. మామూలు బరువున్నప్పుడు అవి చనిపోయిన కణాలను తొలగిస్తూ, వాపును (ఇన్‌ఫ్లమేషన్) అదుపులో పెడతాయి. బరువు బాగా పెరిగితే కొవ్వు కణాలు ఉబ్బి, కొన్ని చనిపోతాయి. అప్పుడు రక్తంలోంచి మోనోసైట్లనే కణాలు వచ్చి, మాక్రోఫేజులుగా మారి వాటి చుట్టూ మూగుతాయి. వాపును ఆపే టీ కణాలేమో తగ్గిపోతాయి. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్ ఎక్కువగా తయారై ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని 1993లోనే తేలింది. అందులో ఎక్కువ భాగం మాక్రోఫేజుల నుంచే వస్తోందని 2003లో తెలిసింది. షుగర్ జబ్బుకు ఇదీ ఒక దారి. ఎలుకల్లో బరువు తగ్గాక కూడా ఈ కణాలు పూర్తిగా పాత స్థితికి రావడం లేదు. ఎందుకన్నది ఇంకా తేలాలి. షుగర్ లేని ఇల్లు కనబడని ఈ రోజుల్లో మీ అమ్మాయి పట్టుకున్నది చాలా మంచి ప్రశ్న.

అయితే ఎమ్మెస్సీలోనే ఊబకాయం కోసం వెతకొద్దు. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్‌లో ఏదైనా సరే, పునాది గట్టిగా పడాలి. ఫ్లో సైటోమెట్రీ తప్పకుండా నేర్చుకోవాలి. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి, ఏది ఏ రకమో లెక్కపెట్టే పద్ధతి అది. ఈ రంగంలో అది రాకపోతే కష్టం. సీటు కోసం సీయూఈటీ పీజీ, గ్యాట్-బీ, ఐఐటీ జామ్ అనే ఎంట్రన్స్ పరీక్షలు రాయించండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జన్యువుల కారణంగానే ఊబకాయం వచ్చే ఎలుకల జాతులున్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అక్కడ ప్రయత్నించమనండి.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, స్థిరమైన జీతం ఆలస్యమవుతుంది. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, దాంతోపాటు ఇంటి అద్దె భత్యం ఇస్తారు. కాబట్టి చదువు భారం మీ మీద పడదు. జేఆర్‌ఎఫ్ రాకపోతే ఫార్మా, బయోటెక్ కంపెనీల ల్యాబులున్నాయి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చెయ్యొచ్చు, ఇప్పుడు దానికోసం టెన్షన్ వద్దు.

సీటు ఖాయం చేసే ముందు మాత్రం ఆ డిపార్ట్‌మెంట్ సీనియర్లతో మాట్లాడించండి. మిషన్లు విద్యార్థుల చేతికిస్తారా, తాళం వేసి ఉంచుతారా అని అడగమనండి.