యూరప్ పునరుజ్జీవన (రినైసాన్స్) కాలపు చిత్రపటాల్లో మనిషి హోదా, స్వభావం ఎలా తెలుస్తాయి?

హోదా కావాలంటే బట్టలు చూడండి, స్వభావం కావాలంటే చేతులు చూడండి. అందరూ ముఖాన్నే పొగుడుతారు గానీ, డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటున్నవారి ముఖం దగ్గర చిత్రకారుడికి మొహమాటం తప్పదు. చేతుల దగ్గరే అతని కుంచెకు స్వేచ్ఛ దొరుకుతుంది.

గుంటూరులో చాలాకాలం దర్జీ పని చేసిన మా మామగారిని ఒకసారి లండన్ నేషనల్ గ్యాలరీకి తీసుకువెళ్ళాను. ప్రభువులనూ, మతాధికారులనూ మర్యాద కోసం చూస్తూ నడిచిన ఆయన, జొవాన్ని బత్తిస్తా మొరోని 16వ శతాబ్దంలో వేసిన ‘దర్జీ’ బొమ్మ ముందు ఆగిపోయారు. బల్ల మీద నల్లని గుడ్డ, దాని మీద సుద్ద గీతలు, చేతిలో పెద్ద కత్తెర. మీగడ రంగు చొక్కా తొడుక్కున్న యువకుడు తల తిప్పి మనవైపు చూస్తుంటాడు. మామగారు చాలాసేపు పరీక్షించి, "అల్లుడుగారూ, గీత గీసేశాడు, కత్తెర కింద పెట్టలేదు, మనం ఏం కావాలో చెబితే విని మళ్ళీ పనిలో పడతాడు" అన్నారు. ఆ నల్లగుడ్డ అతను కట్టుకునేది కాదు, ఖాతాదారుది. నడుముకున్న తోలుపట్టీ మాత్రం మామూలుగా కత్తి వేలాడదీసుకునే రకం, వేలికి ఉంగరం కూడా ఉంది. తన స్థాయి ఎంతో, తాను కోరుకునే స్థాయి ఎంతో రెండూ అతని ఒంటి మీదే ఉన్నాయి. ఇంత చెప్పే బొమ్మను చాలామంది ఫోన్‌లో ఫోటో తీసుకుని, కంటితో చూడకుండానే పక్క గదిలోకి వెళ్ళిపోవడం నాకు ఎప్పుడూ చిరాకే.

అదే గ్యాలరీలో రఫాయెల్ 1511 ప్రాంతంలో వేసిన పోప్ రెండవ జూలియస్ పటం ఉంది. ఎర్రని మఖమలు, వేళ్ళనిండా ఉంగరాలు, కుర్చీ కొసలకు బంగారు ఓక్ కాయలు: ఆయన పుట్టిన దెల్లా రోవెరె వంశానికి ఓక్ చెట్టే గుర్తు. వెనుక తెరపై రఫాయెల్ మొదట పోప్ పదవి చిహ్నాలు వేసి, తర్వాత వాటిని ఆకుపచ్చ రంగుతో కప్పేశాడని శాస్త్రీయ పరీక్షల్లో బయటపడింది. అది మంచి నిర్ణయమనే నేనంటాను, ఎందుకంటే ఇప్పుడు చూపు చేతుల మీదికి పోతుంది. స్వయంగా సైన్యాన్ని నడిపిన ఈ పోప్, ఇటలీలోని బొలోన్యా నగరం చేజారిన తర్వాత గడ్డం పెంచుకుని, తల వంచి కూర్చున్నాడు. ఒక చేతిలో రుమాలు వదులుగా ఉంది, రెండో చెయ్యి కుర్చీ పట్టెను గట్టిగా పట్టుకుంది. ఈ పటం చూసినవారు పోప్ సజీవంగా ఎదురుపడ్డాడనుకుని జడిసేవారని, ఆ కాలపు చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి రాశాడు. నాకైతే ఆ కుర్చీ పట్టిన చెయ్యి కనిపించాక భయం కలగలేదు. ఓడినా లేవడానికి సిద్ధంగా ఉన్న ఒక మొండి ముసలాయనే కనిపించాడు.