తుపాకి గొట్టమా, పీపానా, నాళికా? డమాస్కస్ బ్యారెల్‌ని తెలుగులో ఏమనాలి?

సందేహం: పాతకాలం తుపాకుల పనితనం మీద ఒక ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నానండీ. బ్యారెల్ అని ఉన్న చోటల్లా ట్రాన్స్‌లేషన్ యాప్ "పీపా" అని ఇస్తోంది. మా అన్నయ్యేమో గొట్టం అని రాయమంటాడు, అది మరీ నీళ్ల పైపులా ఉందని నేను "నాళిక" అని మార్చాను. "డమాస్కస్ ఉక్కు నాళిక మీద చెక్కిన అందమైన డిజైన్లు" అని ఒక వాక్యం రాశాను, ఇది సరేనా?

సమాధానం: మీ అన్నయ్య మాటే కరెక్టండీ, గొట్టం అనే రాయండి. రాజ్యాధికారం తుపాకి గొట్టం నుంచే వస్తుందన్న మావో మాటని మన దగ్గర గోడల మీద రాసినవాళ్లూ, దాన్ని తిట్టినవాళ్లూ, పేపర్లో రిపోర్ట్ చేసినవాళ్లూ అందరూ గొట్టం అనే అన్నారు, ఎవరికీ అది నీళ్ల పైపులా వినబడలేదు. డబుల్ బ్యారెల్‌ని కూడా రెండు గొట్టాల తుపాకి అంటే ఎవరికైనా అర్థమవుతుంది. పీపా అంటే పొట్ట ఉబ్బి ఉండే చెక్క డబ్బా, నూనో సారానో పోసుకునేది, పోర్చుగీసువాళ్ల నుంచి మనకొచ్చిన మాట. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట ఉండటానికి ఒక కారణం చెబుతారు. యూరప్‌లో తొలిరోజుల పెద్ద ఫిరంగుల్ని పొడుగాటి ఇనప పట్టీలు పక్కపక్కన పేర్చి చుట్టూ ఇనప కట్లు బిగించి పీపా కట్టే పద్ధతిలోనే కట్టేవాళ్లు, ఎడింబరో కోటలో ఇప్పటికీ ఉన్న 1449 నాటి మాన్స్ మెగ్ ఫిరంగి ఆ రకమే. అది వాళ్ల భాషలో జరిగిన కథ, దాన్ని మనం మొయ్యక్కర్లేదు.

నాళిక తప్పు మాటేం కాదుగానీ, ఇప్పుడు నాళం అనగానే మనకి రక్తనాళం గుర్తొస్తుంది, తుపాకి గుర్తు రాదు. శుక్రనీతి అనే సంస్కృత రాజనీతి గ్రంథంలో నాళిక అనే ఆయుధం వర్ణన ఉంది కదా అని కొందరు దాన్ని చూపిస్తారు, ఆ భాగం, ఆ మాటకొస్తే ఆ గ్రంథం ఇప్పుడున్న రూపమే చాలా ఆలస్యంగా, బహుశా 19వ శతాబ్దంలో తయారైందని చాలామంది పండితుల అభిప్రాయం, కాబట్టి దాని మీద బరువు పెట్టకండి. పైగా తుపాకి అన్న మాట తుర్కీ నుంచి పారసీ మీదుగా మన దాకా వచ్చింది, మొదట్లో తుర్కీలో దానర్థం పిట్టల్ని కొట్టడానికి మట్టి ఉండలు పెట్టి నోటితో ఊదే బోలు గొట్టం. అంటే తుపాకి పేరులోనే గొట్టం ఉందన్నమాట.

ఇక మీ వాక్యంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి "డమాస్కస్ ఉక్కు", "చెక్కిన" అన్నవి. డమాస్కస్ (సిరియాలో ఒక నగరం) అన్న పేరు కింద రెండు వేరువేరు పనులున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి నిజంగా ఉక్కే, అది మనదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి ఊళ్లల్లో మట్టి మూసల్లో ఇనుముని పెట్టి మూతికి మట్టి మెత్తి గంటల తరబడి కాల్చి నిదానంగా చల్లార్చేవాళ్లు, ఆ ముద్దల కోసం పర్షియా వ్యాపారులు అక్కడిదాకా వచ్చేవాళ్లు, 1820ల్లో వాయ్‌సీ అనే సర్వే డాక్టరు ఆ పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. మన ఉక్కు అన్న మాటే వుట్జ్ అయి 1795లో లండన్ రాయల్ సొసైటీ పేపర్లోకి ఎక్కిందంటారు. ఆ ఉక్కుతో కొట్టిన కత్తి మీద కనిపించే నీటి అలల్లాంటి గీతలు లోహం లోపలే పుట్టినవి, ఎవరూ పేర్చినవి కావు.

మీ వ్యాసంలోది రెండోది. బెల్జియంలో లియేజ్ చుట్టుపక్కల, ముఖ్యంగా వెస్డ్ర్ లోయలో నెసోంవో అనే ఊళ్లో, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో 19వ శతాబ్దమంతా ఈ గొట్టాలు చేశారు. పని ఎలా అంటే, మెత్తని ఇనప పట్టీలూ ఉక్కు పట్టీలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, కొలిమిలో తెల్లగా కాచి, సమ్మెటతో కొట్టి ఒకటిగా అతికి సన్నటి చదరపు కడ్డీగా సాగదీస్తారు. ఆ కడ్డీని మళ్లీ ఎర్రగా కాచి ఒక కొస బిగబట్టి రెండో కొస తిప్పుతూ పోతే అది తాడులా మెలి పడుతుంది. అలాంటి మెలికడ్డీలు రెండో మూడో, ఒకదాని మెలి కుడికి ఇంకోదాని మెలి ఎడమకి ఉండేలా, పక్కపక్కన పెట్టి అతికి రిబ్బన్‌లాంటి బద్ద చేస్తారు. అప్పుడు ఆ బద్దని ఒక ఇనప ఊచ చుట్టూ, బొంగరానికి తాడు చుట్టినట్టు, సందు లేకుండా చుట్టుకుంటూ వస్తారు. తర్వాత కొంచెం కొంచెంగా కాచి, గొట్టాన్ని నిలబెట్టి కొసని దాగలి మీద దబదబా కొడితే ఆ చుట్ల అంచులు ఒకదాంట్లోకి ఒకటి నొక్కుకుని అతుక్కుంటాయి. అతుకు ఒక్క చోట సరిగ్గా పడకపోయినా, బూడిదో పొక్కో ఇరుక్కున్నా గొట్టం అక్కడే చీలుతుంది, అందుకే పేల్చి పరీక్ష చేసి ముద్ర వేసే ప్రూఫ్ హౌసులు పెట్టుకున్నారు, లియేజ్‌లో 1672లో, బర్మింగ్‌హామ్‌లో 1813లో. ఈ గొట్టాల్లో పొగరాని కొత్త మందు వేసి కాల్చొద్దని ఇప్పుడు హెచ్చరించేది కూడా అందుకే, వందల అతుకులు, వాటి మధ్య పైకి కనపడని తుప్పు.

ఇంగ్లండ్‌లో ఇంకో రకం ఉండేది, నాకు చాలా ఇష్టమైన సంగతి, గుర్రపు లాడాల నుంచి పీకిన అరిగిపోయిన పాత మేకుల్ని పోగుచేసి, కడిగి, కాచి కలిపి గొట్టాలు చేసేవాళ్లు. దెబ్బలు తిని తిని ఆ ఇనుము గట్టిపడిందని వాళ్ల నమ్మకం.

మన దేశంలో చుట్టి అతకడం ఇంకా పాతది. అక్బర్ కాలంలో ఇనుముని రేకులా సాగగొట్టి ఏటవాలుగా చుట్టి, అంచుల్ని కొసకి కొస పెట్టకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కించి నిదానంగా కాచేవాళ్లని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. పాత పద్ధతిలో గొట్టంలో నాలుగో వంతు కంటే మందు పొయ్యడానికి భయపడేవాళ్లు, ఇందులో నిండా పోసినా పగలదంటాడు. ఒక పశువు తిప్పే చక్రంతో ఒకేసారి పదహారు గొట్టాలు లోపల శుభ్రం చేసే యంత్రం గురించి కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు "చెక్కిన" సంగతి. ఈ గీతల్ని ఎవరూ ఉలితో చెక్కరు. గొట్టం తొలిచి, బయట ఆకురాయితో రాసి నునుపు చేసేదాకా అది మామూలు ఇనుములాగే ఉంటుంది. యాసిడ్ పెట్టాక ఇనుము ఒక రంగుకి, ఉక్కు ఒక రంగుకి తిరిగి, లోపలున్న మెలికలు చిన్నచిన్న సుడులుగా, వంకీలుగా పైకి తేలతాయి. కాబట్టి ఇక్కడ క్రియ "తేలడం". చెక్కడం వేరు, తుపాకిని పేల్చే భాగం, అంటే లాక్ మీద వేటకుక్కల బొమ్మల్లాంటివి వెయ్యడానికి ఆ పని చేస్తారు. మన తుపాకుల మీద బంగారం పెట్టే కోఫ్త్‌గరీ ఇంకా వేరు, ఉక్కు మీద సన్నగా అడ్డంనిలువు గీట్లు గీసి గరుకు చేసి బంగారు తీగ కొట్టి పట్టిస్తారు, దానికి "పొదగడం" కంటే "పట్టించడం" అనడమే నాకు నచ్చుతుంది. చవక తుపాకుల్లో మామూలు గొట్టం మీదే ఈ సుడుల్ని యాసిడ్‌తో అచ్చువేసి అమ్మినవీ ఉన్నాయి, వాటి గురించి రాస్తే "వేసిన" గీతలు అనండి. పాత వస్తువుల మీద వ్యాసంలో ఈ నాలుగు క్రియలూ కలిసిపోతే అసలు పనితనమే చదివేవాళ్లకి అందదు, అందుకే ఇంత పట్టుబడుతున్నా.

మీ వాక్యాన్ని నేనైతే "ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి చుట్టిన డమాస్కస్ గొట్టం మీద తేలిన సుడుల గీతలు" అని రాస్తాను. డమాస్కస్ అన్న పేరు అలాగే ఉంచండి, దాని పక్కన ఉక్కు అని మాత్రం అతికించకండి, మొదటిసారి వచ్చిన చోట "మెలి గొట్టం" అని ఒకసారి చెప్పి ముందుకెళ్లిపోవచ్చు.

మిగతా భాగాలకి కూడా ఇంగ్లిష్ వెంట పడక్కర్లేదు. గుండు బయటికొచ్చే కొసని మూతి అనండి, టిప్పు సుల్తాన్ తుపాకుల్లో, ఫిరంగుల్లో కొన్నింటికి పులి తలలాగే ఆ మూతి ఉంటుంది. నిప్పు అంటించడానికి పోసే సన్నటి మందు రంజకం, భుజానికి ఆనించే చెక్క కొస మడమ. మూతి నుంచి మందు కూరే పాత తుపాకిని తెలంగాణ వార్తల్లో ఇప్పటికీ భర్మార్ అంటారు, అది మజిల్ లోడర్‌కి సరిగ్గా సరిపోయే మాట. రైఫిలింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త, గొట్టం లోపల మెలికలు తిరిగే ఆ గీతల్ని గాడులు అంటే చాలు, స్క్రూ పోలిక పట్టుకుని మర గాడులు అన్నారంటే చదివేవాళ్లు మరతుపాకి అనుకుంటారు.