పాఠకుల ప్రశ్నలు: ఛత్రపురం ఇసుకతో జపాన్‌కేం పని?

ప్రశ్న: మా జిల్లాలో ఛత్రపురం తీరాన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఇసుక తవ్వి రేర్ ఎర్త్ (మోటార్ల అయస్కాంతాల వంటివాటికి వాడే లోహ మూలకాలు) తీస్తోంది. ఆ సరుకు జపాన్‌కు వెళ్లేదట. అమెరికా అండ ఉన్న దేశానికి మన ఇసుకెందుకు? దేశ రక్షణకూ దీనికీ సంబంధం ఏమిటండీ?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: సంబంధం 2010 సెప్టెంబరులో బయటపడింది. జపాన్ అధీనంలో ఉండి, చైనా కూడా తనవేననే సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ ఒకటి జపాన్ తీరరక్షక నౌకల్ని గుద్దింది. కెప్టెన్‌ను జపాన్ అదుపులోకి తీసుకుంది. కొద్ది రోజులకే చైనా నుంచి రేర్ ఎర్త్ రావడం ఆగింది. అప్పట్లో జపాన్ అవసరంలో దాదాపు 90 శాతం అక్కడిదే. అమెరికా యుద్ధనౌకలు ఎన్ని కాపలా ఉన్నా మోటార్ల ఫ్యాక్టరీకి అయస్కాంతాల్లో వాడే నియోడిమియం అనే రేర్ ఎర్త్‌ను మోసుకురావు కదా!

జపాన్ అమెరికా చెయ్యి వదల్లేదు, అలాగని దాన్నే పట్టుకుని కూర్చోలేదు. 2011లో రేర్ ఎర్త్ తవ్వే ఆస్ట్రేలియా కంపెనీ లైనస్‌కు 25 కోట్ల డాలర్లు సమకూర్చింది. అమెరికా, ఐరోపా సమాఖ్యలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో చైనా ఎగుమతి ఆంక్షల మీద కేసు వేసి 2014లో గెలిచింది. జపాన్ కంపెనీ టొయోటా సుషో అనుబంధ సంస్థ విశాఖలో ప్లాంటు పెట్టి ఐఆర్ఈఎల్ సరుకు కొన్నది. ఇంత చేసినా జపాన్ దిగుమతుల్లో చైనా వాటా 60 శాతం దగ్గరే ఆగింది.

చిక్కు ఇసుకలో లేదు, తర్వాతి పనిలో ఉంది. ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజాన్ని వేరుచేసి, కాస్టిక్ సోడాతో ఉడికించి, థోరియం అనే అణుధార్మిక మూలకాన్ని పక్కకు తీయాలి (అందుకే ఇది అణుశక్తి శాఖ చేతిలో ఉంది). మిగిలిన క్లోరైడ్ లవణంలో రేర్ ఎర్త్ మూలకాలు ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉంటాయి. నియోడిమియం ఒక్కటీ విడిపోవాలంటే ద్రావకంతో వందల దశలు తిప్పాలి. పైగా, వేడికి ఓర్చే అయస్కాంతానికి డిస్ప్రోసియం అనే మరో రేర్ ఎర్త్ కావాలి, మన మోనజైట్‌లో అది బహు తక్కువ. 2025 ఏప్రిల్‌లో ఎగుమతికి లైసెన్సు తప్పనిసరని చైనా బిగించిన ఏడు మూలకాల్లో అదొకటి.

ఇప్పుడు మనకూ ఆ సరుకు కావాలి. అయస్కాంతాలు ఇక్కడే చేయడానికి 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్ల పథకం ఆమోదించింది, లక్ష్యం ఏటా 6,000 టన్నులు. స్నేహం స్నేహమే, ముడిసరుకు దగ్గర మాత్రం ఎవరి లెక్క వారిది.

ప్రశ్న: జపాన్ మీద దాడి జరిగితే ఆస్ట్రేలియా యుద్ధానికి దిగాల్సిందేనా?
– పర్లాకిమిడి పాఠకురాలు

జవాబు: అలాంటి ఒప్పందం లేదు. ఈ రెండు దేశాల మధ్య 2022 జనవరిలో సంతకమై 2023 ఆగస్టులో అమల్లోకి వచ్చిన సైనిక ఒప్పందంలో ఉన్నవి రాకపోకల ఏర్పాట్లు: ఒకరి సైన్యం మరొకరి గడ్డ మీదికి విన్యాసాలకు వస్తే వీసా సంగతేమిటి, సామగ్రికి సుంకం ఎలా, సైనికుడు నేరం చేస్తే ఏ కోర్టు విచారిస్తుంది. చర్చలు ఏళ్ల తరబడి నలిగింది ఈ చివరిదాని దగ్గరే. జపాన్‌లో ఉరిశిక్ష ఉంది, ఆస్ట్రేలియాలో లేదు.