యాప్ నాదే అయితే అలాంటిది ఇంకొకరు చేయకూడదా?

"తిరుపతిలో లాడ్జి గదులు చూపించే యాప్ చేశాను. ఇంకెవరూ అలాంటిది చేయకుండా ఆపొచ్చా?" అని అడిగారు.

ఆపలేరు. 1957 కాపీరైట్ చట్టం కాపాడేది మీరు రాసిన కోడ్‌ను, ఆలోచనను కాదు. తిరుపతి లడ్డూకు 2009లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుకే కాపలా. ఇంట్లో లడ్డూలు ఎవరైనా చుట్టుకోవచ్చు కదా!

అసలు మెలిక, మార్కెట్‌లో పోటీని దెబ్బతీసే పనులను అడ్డుకునే 2002 పోటీ చట్టంలో ఉంది. కాపీరైట్ లాంటి హక్కు కాపాడుకోవడానికి ఒప్పందాల్లో సమంజసమైన షరతులు పెట్టుకోవచ్చని 3(5) సెక్షన్ అంటుంది. మార్కెట్‌ను శాసించే కంపెనీ తన బలాన్ని దుర్వినియోగం చేయకూడదనే 4వ సెక్షన్‌లో మాత్రం ఆ మినహాయింపు లేదు. ఆండ్రాయిడ్ గూగుల్‌దే అయినా, ఫోన్ కంపెనీలకు తన యాప్‌లన్నీ కట్టగట్టి అంటగట్టిందని 2022లో పోటీ కమిషన్ 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మీకు ఆ టెన్షన్ ఇప్పట్లో లేదు లెండి.